మగ్గం నెత్తిన కరాటే

ధర్మవరంలో నన్ను మించిన నేతగాడు లేడని నేను చెప్తే మీరు నమ్మరు. మా ఓబుళప్ప మామను అడిగితే ఆయనా ఒప్పుకోడు, ఒప్పుకుంటే నేను నెత్తికెక్కుతానని భయం. పోనీండి. గీతక్క కరాటే క్లాసు సంగతి మాత్రం నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలీదు. నాలుగేండ్లు ఆ క్లాసు కింద కూర్చొని మగ్గం నేసినా. ఆ తర్వాత ఏడేండ్లుగా పైకెక్కి కాళ్లు ఎత్తుతాండా. ఇప్పటికీ నాది ఆకుపచ్చ బెల్టే. తొమ్మిదో తరగతిలో బడి మానేసినోడు ఇదీ మానేసుంటాడులే అని నవ్వేవాళ్లు ఉన్నారు. మానేయలేదు. నన్ను ఆకుపచ్చ దగ్గరే ఆపింది ఇద్దరు మొండి మనుషులు, ఒక నాయన, ఒక కూతురు.

నాయన ఈశ్వరప్ప మాస్టర్. ఊరు హిందూపురం. బెంగళూరులో ఫ్యాక్టరీ పని చేస్తా కరాటే నేర్చుకొని వచ్చి, పట్టుగూళ్లు నిలవ పెట్టే పాత గోడౌన్ ఒకటి బాడుగకు తీసుకొని స్కూలు పెట్టినాడు. గూళ్లు పోయినా వాసన పోలేదు. హిందూపురం పిల్లలు పోటీకి వస్తే కండ్లు మూసుకొని కూడా గుర్తుపట్టొచ్చు. వాళ్ల ఎదురుగా నిలబడినోళ్లు సగం మంది ఆ వాసనకే ఓడిపోయినారని నా లెక్క. కొడుకు గణేష్‌కూ, కూతురు గీతాంజలికీ ఆరేండ్లకే తెల్ల డ్రెస్ తొడిగినాడు. గీతక్కకు పదిహేడో ఏట నల్ల బెల్టు వచ్చింది. ఆ పొద్దు ఆమె వేసిన కేకకు వీధిలో జట్కా గుర్రం బెదిరి, కట్లు తెంచుకొని లేపాక్షి దాకా పరిగెత్తిందంట. గణేష్ అన్న చెప్పినాడు. నేను కలిపింది లేపాక్షి ఒక్కటే.

తొంభై ఆరులో గీతక్క ఓబుళప్ప మామకు కోడలై ధర్మవరం వచ్చింది. మామ ఇంట్లో నాలుగు మగ్గాలు, అందులో ఒకటి నేను నేసేది. మొగుడు కిషోర్ చీరల మూటలతో బెంగళూరు అంగళ్లు తిరిగే మనిషి, నెలలో పది దినాలు ఇంట్లో ఉంటే గొప్ప. ఏడాది తిరగంగానే గీతక్క పైనున్న హాలులో క్లాసు పెట్టింది. అప్పటికే గణేష్ అన్న పెనుకొండలో పెట్టినాడు. ఒకే రైలు దారిలో మూడు ఊర్లు, ఒకే ఇంటి స్కూలు, ఒకే బోర్డు. బోర్డు మీద పేర్లు రెండు: మాస్టర్ ఈశ్వరప్ప, మాస్టర్ గణేష్. ధర్మవరంలో మా వాకిలి మీద తగిలించిన బోర్డులో కూడా ఆ రెండే.

మొదటి దినం పన్నెండు మంది పిల్లలు పైన ఒక్కసారిగా దూకి కేక వేసినారు. మాది పాత మిద్దె, కట్టె దూలాలు. మగ్గం పైన జకార్డ్ పెట్టె ఆ దూలానికే బిగించి ఉంటుంది. అందులో చిల్లుల అట్టలు తిరిగేకొద్దీ లేవాల్సిన పోగులు లేచి, చీర అంచులో నెమలి పడుతుంది. పైన దూకేసరికి పెట్టె అదిరి, లేవగూడని పోగులు లేచినాయి. కేకకు ఉలిక్కిపడి నా చేతిలో అడ్డపోగు తోసే నాడె జారింది. కిందికి చూస్తే నెమలికి రెండు తలకాయలు, రెండూ నన్నే చూస్తాండాయి.

మామ ఆ చీరను చూసి అరవలేదు. కోడల్ని పిలిచి నిమ్మళంగా చెప్పినాడు. క్లాసు ఆపమనలేదు. పైన అడుగు అదరగూడదు, గొంతు లేవగూడదు, అంతే. "నీ కరాటే నా నెమలి జోలికి రాకుంటే, నాకేం అడ్డం లేదు తల్లీ" అన్నాడు.

గీతక్క వేరే చోటు వెదకలేదా అంటే వెదికింది. బడి గ్రౌండు ఇస్తామన్నారు. ఆడపిల్లల తల్లులు ఒప్పుకోలేదు. పదిమంది చూస్తాండగా పిల్లలు కాళ్లు ఎత్తేదేంది, ఓబుళప్ప ఇల్లయితేనే పంపుతామన్నారు. మగ్గాలు ఆగేది పొద్దు మునిగినాక. అప్పుడూ పంపమన్నారు. ఇంక ఆ మిద్దే గతి.

గీతక్క ఏం చేసిందంటే, ఒక్కొక్క పిల్ల పక్కన నీళ్లు నిండా పోసిన చెంబు పెట్టింది. కిక్ కొట్టి కాలు దించితే చెంబులో నీళ్లు వణకగూడదు. వణికితే మళ్లీ మొదటి నుంచి. పంచ్ కొట్టేటప్పుడు ఊపిరి ముక్కులోంచి వదలాల. ఒకటి, రెండు అని లెక్కపెట్టేది నోటితో కాదు, వేలితో. ఆరు నెలలు ఆ చెంబులతోనే గడిచింది. ఏండ్లు తిరిగేసరికి నలభై మంది అయినారు, అందులో ఇరవై ఆరు మంది ఆడపిల్లలు. కింద మగ్గం దగ్గర కూర్చున్న నాకు పైన క్లాసు జరుగుతాండాదో లేదో తెలిసేది కాదు. ఒకసారి నెలరోజులు సెలవులు ఇచ్చినారేమో అనుకొని పైకెక్కి చూస్తే, నలభై మంది ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు, రెండో కాలు చెవి పక్కన ఉంది. అట్లాంటిది నేను యాడా చూళ్లేదు. ఆ దినమే చేరినా.

ఆరు నెలలకొకసారి గణేష్ అన్న ప్యాసింజర్ రైల్లో బెల్టుల సంచి పట్టుకొని దిగేవాడు. పరీక్ష పెట్టేది ఆయన, పిల్లల నడుముకు బెల్టు కట్టేది ఆయన. పిల్లల పేర్లు తెలీవు కాబట్టి గీతక్క పక్కన నిలబడి ఒక్కొక్క పేరు అందించేది. నేర్పింది ఆమె, కట్టేది ఆయన. నాకే కడుపు మండేది, ఆమెకు మండదా?

2003లో ఆమె హిందూపురం పోయి నాయనను అడిగింది, నా పిల్లలకు పరీక్ష నేనే పెడతా, బెల్టు నేనే కడతా అని. ఆయన కాదనలేదు. ఏటా హిందూపురంలో పోటీలు జరుగుతాయి, బయటి స్కూళ్లు కూడా వస్తాయి. "ధర్మవరం నుంచి ఒక్క గోల్డ్ తీసుకురా పాపా. ఆ పొద్దే బోర్డు మీద నీ పేరు రాయిస్తా. నీ పిల్లలకు నువ్వే కట్టుకో" అన్నాడు. ఈశ్వరప్ప మాస్టర్ మాటంటే మాటే. వచ్చిన చిక్కంతా అదే.

మరుసటి ఏడు పన్నెండు మందిమి పోయినాం. పెద్దోళ్లలో నేనూ బరిలోకి దిగినా. మడకశిర మనిషి ఒకడు నా ఎదురుగా, ఎద్దంత ఉన్నాడు. వాడి రొమ్ము మీద ఏడు దెబ్బలు వేసినా, వాడు వెనక్కి వెనక్కి పోయి గోడకు ఆనుకున్నాడు. ఒక్క జెండా లేవలేదు. జడ్జిలు నలుగురూ నన్ను గుడ్లప్పగించి చూస్తాండారు. వాడు ఒక దెబ్బ వేసి, అదీ నా మోచేతికి, గావుకేక పెట్టినాడు. నాలుగు జెండాలు లేచినాయి.

సంగతేమంటే, అక్కడ దెబ్బ తగిలితే చాలదు. దెబ్బతో పాటు కేక రావల్ల. కేక లేని దెబ్బకు పాయింటు లేదు. గీతక్కకు ఇది తెలీక కాదు. కేక వేయండి, కేక వేయండి అని పెనుకొండ దాటినప్పటి నుంచి రైల్లో చెప్తానే ఉంది. ఏడేండ్లు మింగించిన గొంతును రైల్లో చెప్పి తెరిపిస్తే తెరుచుకుంటుందా? నా నోరు సంగతి ధర్మవరం అంతా తెలుసు. అట్లాంటి నోరు పుట్టినప్పటి నుంచి మూతబడింది ఆ మూడు నిమిషాలే. పన్నెండు మందిమీ ఓడిపోయి వచ్చినాం.

ఆ ఏడంతా ఆదివారాల్లో గీతక్క మమ్మల్ని ఊరి బయట రైల్వే గేటు దగ్గరికి పిల్చుకొనిపోయింది. గూడ్సు బండి వచ్చినప్పుడు దాని చప్పుడులో అరవాల. ఊరికి తెలీదు, ఎవరూ ఏమనరు. బాగా అరిచినాం. మా అరుపుకు గూడ్సు డ్రైవరు భయపడి బండి ఆపినాడని చెప్పినా నమ్మేవాళ్లు ఉండారు.

మా అందరిలో గట్టి మనిషి స్వప్న, మగ్గం నేసేవాళ్ల బిడ్డ. గుంట మగ్గం తొక్కిన కాళ్లు ఆ పిల్లవి. మరుసటి ఏటి పోటీల్లో స్వప్న దెబ్బ వేసింది. వేసినాక కిందికి చూసింది, నేల అదిరిందా లేదా అని. చూసినాక కేక వేసింది. జనం పొట్ట పట్టుకొని నవ్వినారు. దెబ్బకూ కేకకూ మధ్య ఒక టీ తాగొచ్చు. గణేష్ అన్న కూడా నవ్వి, "ఏం గీతా, నీ పిల్లల కేక వెనక ప్యాసింజర్‌లో వస్తాండాదా" అన్నాడు. గీతక్క తిరుగు రైల్లో కిటికీ ఊచ పట్టుకొని కూర్చుంది. దిగేటప్పుడు చూస్తే అరచేతిలో తుప్పు అచ్చు పడింది.

2006లో స్వప్న ఫైనల్ దాకా పోయింది. అంతకుముందు మూడు ఆటల్లో ఎట్లో ఒకట్ల కేక దెబ్బకు దగ్గరగా వచ్చింది. ఫైనల్‌లో ఎదురుగా పెనుకొండ పిల్ల సంగీత, గణేష్ అన్న శిష్యురాలు. పెద్ద జడ్జి కుర్చీలో ఈశ్వరప్ప మాస్టర్. గీతక్క బరి గీత బయట నిలబడుంది.

స్వప్న మొదటి కిక్ సంగీత డొక్కలో పడింది. గొంతు రాలేదు. జెండా లేదు. రెండోది ఇంకా శుభ్రంగా పడింది. పిల్ల నోరు తెరిచింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. సంగీత ఒక పంచ్ వేసి అరిచింది, జెండాలు లేచినాయి. ఇంక పది సెకండ్లు. స్వప్న కాలు లేచింది, సంగీత చెవి పక్కన వచ్చి ఆగింది. అంత అందమైన దెబ్బ నేను మళ్లీ చూళ్లేదు. అప్పుడు కేక వచ్చింది.

స్వప్నది కాదు. గీతక్కది.

పదేండ్లు మామ మిద్దె మీద మింగిన కేక అది. హాలులో ఫ్యాను రెక్కలు వెనక్కి తిరిగినాయని చెప్పాలని ఉంది గానీ, ఈసారి కలిపి చెప్పబుద్ధి కాలేదు. ఈశ్వరప్ప మాస్టర్ కుర్చీలోంచి లేచినాడు. ఆ కేక ఆయన నేర్పిందే, పోల్చుకోకుండా ఉంటాడా? బయటివాళ్లు కేక వేస్తే ఆటగాడు ఓడినట్టే, రూలు ఉంది. తనే పోయి సంగీత చెయ్యి పైకి ఎత్తినాడు.

అయిపోయినాక కూతురి దగ్గరికి వచ్చినాడు. నేను బ్యాగులు సర్దుతా అక్కడే ఉన్నా.

"ఇంత కేక నీ దగ్గర పెట్టుకొని పిల్లలకు యాల నేర్పలేదు పాపా?"

"నేర్పేకి చోటు యాడుంది నాయనా. కింద మగ్గం ఉండాది, పైన నీ బోర్డు ఉండాది." నా చేతిలోని బ్యాగు లాక్కొని, "ఒక్కసారి వచ్చి నా క్లాసు చూడు. ఈ పదేండ్లలో నువ్వు ఆ మెట్లు ఎక్కలేదు" అంది.

"గోల్డ్ తే. ఎక్కుతా."

నెల తర్వాత గణేష్ అన్న ఎప్పటి మాదిరే సంచితో దిగినాడు. పరీక్ష అయింది. స్వప్నకు బ్రౌన్ బెల్టు. కట్టించుకునేవాళ్లు చేతులు పక్కలకు ఎత్తాల. స్వప్న ఎత్తలేదు. చేతులు ఒంటికి ఆనించి నిలబడింది. పక్క పిల్లను పిలిచినాడు, ఆ పిల్లా ఎత్తలేదు. నాకు నీలం బెల్టు రావాల్సి ఉండె. నేనూ ఎత్తలేదు. ఎవరూ ముందుగా అనుకోలేదు. నలభై మంది, ఒక్క మాట లేదు. ఆమె నేర్పిన విద్యే అది.

గణేష్ అన్న చెడ్డోడు కాదు. సంచి చెల్లెలి చేతికిచ్చి, నువ్వే కట్టు గీతా, నాయనకు చెప్పనులే అన్నాడు. ఆ మాటకు నా చేతులు నాకు తెలీకుండానే రొంత లేచినాయి. గీతక్క సంచి తీసుకొని కిందికి వచ్చి నా మగ్గం పక్క మేకుకు తగిలించింది. దొంగతనంగా కట్టేదయితే పదేండ్ల కిందటే కట్టేదాన్ని, నాయన చెప్తేనే కడతా అంది.

రెండేండ్లయింది. సంచి ఆ మేకుకే ఉంది. గోల్డ్ రాలేదు. నాయన చెప్పలేదు. కూతురు కట్టలేదు. స్వప్నకు పెండ్లి కుదిరింది, ఇంకా పాత బెల్టే. నా ఆకుపచ్చ బెల్టు ఉతికి ఉతికి ఎండిన కరివేపాకు రంగుకొచ్చింది. నీ నాయనతో నేను మాట్లాడతానని ఒకసారి మామ కూడా అన్నాడు. గీతక్క వద్దంది. ఈ ఇంటి కరాటేలో గట్టి దెబ్బ ఎవరిదో గానీ, పడేది మాత్రం మా మీదే.

పోయిన నెల ఒక సాయంత్రం, చీర తొందర ఉండి క్లాసుకు పోకుండా నేసుకుంటాంటే వాకిట్లో మనిషి నీడ పడింది. తలెత్తితే ఈశ్వరప్ప మాస్టర్. రైలు దిగి ఒక్కడే వచ్చినాడు. ముసలోడయినాడు. మామ ఇంట్లో లేడు.

"ఏమప్పా, ఈ పొద్దు క్లాసు లేదా?"

"జరుగుతాండాది మాస్టర్."

ఆయన చెవి ఒగ్గినాడు. నేను మగ్గం ఆపినా. పైన నలభై మంది కిక్కులు కొడతాండారు, ఒక్క చప్పుడు లేదు. జకార్డ్ పెట్టె కదల్లేదు, మేకుకున్న సంచి కూడా కదల్లేదు. ఆయన దూలాలను చూసినాడు, నా చీరలో నెమలిని చూసినాడు, సంచిని చూసినాడు. దాన్ని పట్టుకున్నాడు, తీయలేదు. చెప్పులు విడిచి మెట్లెక్కినాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో మెట్టు మీద కాలు పెట్టి, గోడ పట్టుకొని నిలబడినాడు. ఎక్కు మాస్టర్, ఎక్కు అని నా నోటి దాకా వచ్చింది. మళ్లీ ఈ నోరు మూతబడింది.

దిగి వచ్చి చెప్పులేసుకున్నాడు. "నేనొచ్చినానని పాపకు చెప్పొద్దు" అని నా దగ్గర మాట తీసుకున్నాడు. ప్యాసింజర్ టైమయిందని వెళ్లిపోయినాడు.

నేను చెప్పలేదు. నెలరోజులు కడుపులో పెట్టుకున్నా, నా బతుకులో ఇదే రికార్డు. నోటితో చెప్పనని మాటిచ్చినా, రాయనని ఇవ్వలేదు. ఇది గీతక్క చదువుతుంది. అక్కా, మూడు మెట్లు ఎక్కినాడు.