చేయెత్తడం నేర్పిన కోచ్

పోయిన సోమవారం ఆఫీసులో మూడో మీటింగ్ నడుస్తుండగా క్లబ్ నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది. మా కర్లింగ్ కోచ్ ఇక లేరు. మీటింగ్‌లో ఎవరో నా పేరు పిలిచి ఏదో అడిగారు. యెస్ అన్నాను. దేనికి ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు.

కర్లింగ్ అంటే తెలియనివాళ్ళకు రెండు మాటలు. మంచు మీద పిడి ఉన్న బరువైన రాయిని జారవిడుస్తారు. అది దూరంగా గీసిన వలయం మధ్యకు చేరేలా ఇద్దరు దాని ముందు చీపుళ్ళతో మంచును రుద్దుతూ పరిగెడతారు. నేను ఆ రుద్దే మనిషిని. "ఇంట్లో ఊడవడానికి రోబోను పెట్టుకున్నదానివి, అరగంట కారేసుకుని పోయి అక్కడ ఊడుస్తావా?" అని మా అత్తగారు వీడియో కాల్‌లో ఇప్పటికీ నవ్వుతారు.

కోచ్‌ది కెనడా. తండ్రి వాళ్ళ ఊరి క్లబ్‌లో మంచు పరిచే పని చేసేవారట. ఆవిడ కెప్టెన్‌గా రెండుసార్లు దేశ చాంపియన్. మోకాళ్ళు అరిగాక జూనియర్లకు కోచ్ అయ్యారు. చివరికి భర్త ఉద్యోగం వల్ల అమెరికాలోని మోరిస్‌విల్‌కి, ఏసీ ఆపితే ఉండలేని మా ఊరికి, వచ్చిపడ్డారు. పతకాలు ఎక్కడున్నాయని ఒకసారి అడిగితే వంటింట్లో గరిటెల సొరుగు లాగి చూపించారు. నిజంగానే అందులో ఉన్నాయి.

మొదటి రోజు మమ్మల్ని రాయి ముట్టుకోనివ్వలేదు. వరసగా నిలబెట్టి చేయెత్తించారు. కదులుతున్న రాయికి మన చీపురు తగిలితే ఆ రాయి చెల్లదు. కనిపెట్టడానికి మా ఆటల్లో అంపైర్ ఉండడు. తగిలించినవాళ్ళే ఆగి చేయెత్తి చెప్పాలి. ఆవిడ కూడా ఒక ఫైనల్‌లో అలా చేయెత్తి కప్పు పోగొట్టుకున్నారట. బాధ వేయలేదా అని అడిగాను.

"వేసింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది," అన్నారు.

ఆవిడ మాటలన్నీ అంత పొట్టిగానే ఉండేవి. "చేయి వదిలిన రాయిని తిట్టకు, పోయి ఊడువు" అనేవారు. లేఆఫ్‌ల రోజుల్లో నేను కళ్ళు పీక్కుపోయి వెళ్తే, "అలసిపోయావా? మంచిదే, రాయిని గట్టిగా తోయవు" అని తన ఫ్లాస్కులోంచి సూప్ పోసిచ్చేవారు. అందులో ఉప్పూ కారం ఏమీ ఉండేవి కావు. అయినా తాగేదాన్ని. ఆ రోజుల్లో నన్ను కూర్చోబెట్టి ఏదైనా ఇచ్చిన మనిషి ఆవిడ ఒక్కరే.

పోయిన చలికాలం మా లీగ్‌లో ఆఖరి ఆట, ఆఖరి రాయి. నా చీపురు దాని అంచుకు తగిలింది. చాలా చిన్న తగులు, నా చేతికి మాత్రమే తెలిసింది. ఆ వారమే ఆఫీసులో మా టీమ్‌లో సగం మందిని తీసేశారు. ఎక్కడో ఒకచోట గెలవాలని ఉంది నాకు. చేయి లేవలేదు. గెలిచాం.

గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు డ్రింక్స్ తెచ్చిచ్చి పక్కన కూర్చోవడం ఈ ఆటలో ఆనవాయితీ. అవతలి జట్టు కెప్టెన్ కిరణ్, మన గుంటూరు అబ్బాయే. ట్రే నేనే తీసుకెళ్ళాను. "కంగ్రాట్స్ అక్కా," అన్నాడు. కోచ్ నా పక్కన కూర్చుని సూప్ పోశారు. వచ్చే మంగళవారం ప్రాక్టీసులో ఇద్దరికీ చెప్పేద్దామనుకున్నాను. తర్వాత ఆ పై మంగళవారం అనుకున్నాను. ప్రతిసారీ ఆఫీసులో ఏదో ఒక రిలీజ్ అడ్డొచ్చేది, లేదా అడ్డొచ్చిందని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఇంతలో ఆవిడ ఆస్పత్రిలో చేరారు.

ఈ మంగళవారం ఆవిడ జ్ఞాపకార్థం ఆట పెట్టారు. బూట్లు తొడుక్కుంటూ కిరణ్‌కు చెప్పేశాను. అతను లేసులు కట్టుకోవడం ఆపలేదు.

"తెలుసక్కా. నేనూ చూశాను, కోచ్ కూడా చూశారు. కంప్లెయిన్ చేస్తానంటే వద్దన్నారు. తనే చెప్తుంది, వెయిట్ చెయ్యి అన్నారు."

"ఇన్నాళ్ళా?"

"ప్రతి మంగళవారం అడిగేవారు, చెప్పిందా అని. లాస్ట్ టైమ్ హాస్పిటల్‌కి వెళ్తే ఫస్ట్ అదే అడిగారు."

ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. సిగ్గుతో లేచి మంచు మీదికి వెళ్ళాను. ఆట ఇంకా మొదలవలేదు. చేయెత్తాను. అందరూ ఆగి నా వైపు చూశారు. జరిగింది చెప్పాను. గాజు గోడ అవతల ఆవిడ ఎప్పుడూ కూర్చునే కుర్చీలో, ఎవరు తెచ్చి పెట్టారో, ఆ ఫ్లాస్కు ఉంది. చెప్పడం అయిపోయాక కూడా చాలాసేపు చేయి దించలేదు.