బావగారి జేబులో మారని వస్తువు

మా బావగారి జేబుల గురించి మావాళ్ళు చెప్పుకునే కథ అబద్ధం. మొత్తం కాదు, అసలు ముక్క మాత్రం. నాకెలా తెలుసంటే, ఆ రోజు రైల్లో ఆయన పక్క సీట్లో ఉన్నది నేనే. పోయిన నెల షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఆయన అరవయ్యో పుట్టినరోజుకి మా అక్క కృతజ్ఞత కూడిక పెట్టింది. పిల్లలు స్క్రీన్ మీద పాత ఫోటోలు వేశారు. పాస్టర్ గారు లేచి మళ్ళీ అదే ఎత్తుకున్నారు: ఆఫీసు నుంచి వస్తుంటే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి షుగర్ పడిపోయి సీట్లోనే వాలిపోయాడట, మన బ్రదర్ జేబులోంచి గ్లూకోజ్ బిళ్ళలు తీసి నోట్లో వేసి ప్రాణం నిలబెట్టారట. "ఎవరికి ఏం కావాలో దేవుడు ఆయన జేబులో ముందే సిద్ధపరుస్తాడు" అన్నారాయన. హాలంతా స్తోత్రం అంది. నేను బిర్యానీ ట్రేల మీద ఫాయిల్ సర్దుతూ నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటేనే ఎవరికైనా అనుమానం రావాలి. రాలేదు.

పన్నెండేళ్ళ కిందట నాకు షికాగోలో ఆరు నెలల ప్రాజెక్ట్ పడింది. మా ఆయనా పిల్లలూ మా ఊరు ప్లేనోలో, నేను అన్నాళ్ళూ అక్కా వాళ్ళింట్లో. పొద్దున్నే బావగారూ నేనూ ఒకే రైలు. బయల్దేరే ముందు ఆయనకో తంతు ఉండేది. కాఫీ అయ్యాక డైనింగ్ టేబుల్ మీద స్టీలు పళ్ళెం పెట్టి, డ్రాయర్లోని సరంజామా అంతా అందులో పోసి, ఆ రోజుకి ఏవి జేబులోకెళ్ళాలో ఏరేవారు. చిన్న టార్చి, కొలిచే టేపు, పిన్నీసులు, ప్లాస్టర్లు, సూదీ దారం చుట్టిన అట్టముక్క, మడత కత్తెర, చొక్కా గుండీలు. "ఇవాళ కొత్త డెస్కుకి మారుతున్నాం, టేపు ఉండాలి." "వాన పడేట్టుంది, ప్లాస్టిక్ సంచి ఉండాలి." ప్రతిదానికీ ఓ కారణం. అక్క డబ్బాలు కడుతూ, "పెళ్ళిచూపుల్లో నన్నయినా ఇంతసేపు చూడలేదే ఈయన" అనేది. ఆయన నవ్వి టేపు తీసేసి టార్చి పెట్టుకునేవారు. చర్చిలో ఎవరి చీర కుచ్చిళ్ళు జారినా, ఎవరి పిల్లాడి మోకాలు చెక్కుకుపోయినా బావగారి జేబే దిక్కు. ఆ పేరు అలా వచ్చింది, అది మాత్రం నిజం.

నాకు జేబులంటేనే నమ్మకం లేదు. ఆడవాళ్ళ బట్టలకి జేబు కుట్టడానికి చేతులు రాని లోకంలో, మగవాళ్ళకి మాత్రం ఆరేసి జేబులెందుకో ఎవరూ చెప్పరు. అందుకని కాపలా కాశాను. రెండు వారాలు చూస్తే తేలిందేమిటంటే, పళ్ళెంలోవన్నీ రోజుకొకటి మారుతున్నాయి, ఒక్కటి మారడం లేదు: బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ గొట్టం. దానికి కారణం చెప్పడం లేదు, ఏరడం లేదు, మిగతావాటి మాటున కుడి జేబులోకి జారిపోతోంది. మళ్ళీ సిగరెట్లు మొదలుపెట్టి, అవి మానడానికి ఏవో బిళ్ళలు తింటున్నారనుకున్నాను. మన దగ్గర పెళ్ళాం జేబు వెతికితే గయ్యాళి, మరదలు వెతికితే చిలిపి. ఆ సౌకర్యం వాడుకుని ఓ రోజు ప్లాట్‌ఫాం మీద ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టి, ఓ బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నాను. నారింజ రుచి, శుద్ధ చక్కెర.

"ఇదేంటి బావగారూ?"

"నోరెండితే చప్పరించడానికి."

"షుగర్ ఉన్న మనిషి చక్కెర చప్పరిస్తారా?"

"మరదలు పిల్ల పోలీసుల్లో ఎప్పుడు చేరింది?" అన్నారు, రైలు వచ్చింది.

నవ్వేశాను గానీ ఆ బిళ్ళ నాకు మింగుడు పడలేదు. ఎందుకంటే ఆ ఏడాది ఈస్టర్ తర్వాత మా అక్క సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. బావగారికి ఇన్సులిన్ తప్పదని డాక్టర్ అన్నాడనీ, తను నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేస్తే షుగర్ దిగిందనీ, సూది అవసరమే లేకపోయిందనీ. వినడానికి నేనూ ఉన్నాను. ఏడవని ఆడది లేదు ఆ రోజు. సూదే అక్కర్లేని మనిషికి, షుగర్ పడిపోతే వేసుకునే బిళ్ళలెందుకు?

అక్టోబర్లో ఓ సాయంత్రం రైల్లో బావగారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. చొక్కా తడిసిపోయింది. చెయ్యి జేబులో పెట్టి వెతుకుతున్నారు. టేపు వచ్చింది, టార్చి వచ్చింది, పిన్నీసులు ఒడిలో పడ్డాయి. కావలసింది తప్ప అన్నీ వస్తున్నాయి. ఏం చూస్తున్నారో తెలియనట్టు టార్చిని అటూ ఇటూ తిప్పుతున్నారు. నేనే చెయ్యి దూర్చి గొట్టం లాగి నాలుగు బిళ్ళలు నోట్లో కుక్కాను. ఎదుటి సీటు తెల్లావిడ తన జ్యూస్ సీసా ఇచ్చింది. స్టేషన్ వచ్చేసరికి మనిషి తేరుకున్నారు. కారు తాళాలు లాక్కుని నేనే డ్రైవ్ చేశాను, ఇంటికి రెండు వీధుల అవతల ఆపాను.

"సూది ఆఫీసు డ్రాయర్లో ఉంటుంది. మొదలుపెట్టి నాలుగు నెలలైంది" అన్నారు.

"అక్కకి?"

"అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు నేను సూది చూపిస్తే అది ఏ మొహంతో చర్చికి వెళ్తుంది?"

"మీరు పోతే ఏ మొహంతో వెళ్తుంది?"

ఆయన సీటుబెల్టు సర్దుకున్నారు. "మరి ఈ చెత్తంతా దేనికి?" అన్నాను ఉబ్బిన జేబు చూపించి.

"ఒక్కటే ఉంటే మీ అక్క అడుగుతుంది. పదింట్లో ఒకటైతే అడగదు."

గుమ్మంలో అడుగు పెట్టగానే అక్క ఆయన చొక్కా చూసి ఏమైందంది. ఆయన అప్పటికప్పుడు ఆ ముక్కూ మొహం తెలియని మనిషిని పుట్టించారు. అక్క నా వైపు తిరిగింది. నేను అవునన్నట్టు తలూపాను. ఇంట్లో అందరితో వాదించే దాన్ని, అక్కడ ఒక్క మాట అనలేకపోయాను. ఆదివారానికి ఆ మనిషి చర్చికెక్కాడు. ఆ మధ్యాహ్నమే బావగారికి వారం గడువిచ్చాను, మీరు చెప్తారా నేను చెప్పనా అని. వారం తిరిగాక "చెప్పేశాను" అన్నారు. నమ్మాలో లేదో తెలియలేదు. అక్క మొహంలో ఏమీ మారలేదు. కానీ డబ్బాలో రెండు చపాతీలు ఎక్కువయ్యాయి, ఓ అరటిపండు చేరింది. సాయంత్రం స్టేషన్‌కి తనే కారు తేవడం మొదలుపెట్టింది, "ఇంట్లో కూర్చుని బోరు కొడుతోందే" అంది. తెలిసి చేస్తోందా, ఊరికే చేస్తోందా? అడుగుదామంటే, ఆయన చెప్పకపోయి ఉంటే? చెప్పి ఉంటే, తలూపిన నన్ను ఏమనుకుంటోంది? ప్రాజెక్ట్ అయిపోయింది, ప్లేనో వచ్చేశాను.

ఇప్పుడు బావగారు చేతికి షుగర్ కొలిచే సెన్సార్ పెట్టుకుని పొట్టి చేతుల చొక్కాలో దర్జాగా తిరుగుతున్నారు. కూడికలో ఎవరో ఆంటీ దాన్ని చూసి అడిగితే, అక్క గ్లాసుల్లో మజ్జిగ పోస్తూ, చుక్క ఒలకనివ్వకుండా, "షుగర్ చూసుకోడానికండీ, ఇన్సులిన్ ఈమధ్యే మొదలుపెట్టారు" అంది. నన్ను చూసిందో, నా వెనక తలుపు చూసిందో చెప్పలేను. కాలం నిజాన్ని బయటపెడుతుందంటారు గానీ, మా ఇంట్లో అది నిజం మీద దుప్పటి కప్పి, లేపకండి అన్నట్టు పక్కనే కూర్చుంది. నాకు మాత్రం తెలియాలి. ఈమధ్యే అంటే ఎప్పట్నుంచి, అక్కా?