గీత కింద కనబడాల్సిన పేరు

నాకు సర్దే పిచ్చి ఉంది. ఎవరింటికి వెళ్లినా షెల్ఫులో ఒరిగిన పుస్తకం కనబడితే చెయ్యి ఊరుకోదు. గోదావరిఖనిలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌ని కాబట్టి ఈ పిచ్చికి జీతం కూడా వస్తోంది. ఇన్నేళ్లూ అదొక మంచి గుణమనే అనుకున్నాను.

మా కాలేజీకి ఒక పరిశోధన పత్రిక ఉంది. ఏడాదికి రెండు సంచికలు. మొదట్లో దానికి గోదావరి పేరు కలిసిన చక్కటి తెలుగు పేరు ఉండేది. ఆ పేరు చూసి పైవాళ్లెవరూ లెక్కచేయడం లేదని ప్రిన్సిపల్ గారికి దిగులు. చివరికి మార్చేశారు. కొత్త పేరు ఇంగ్లిషులో బారెడుంటుంది, అందులో అంతర్జాతీయం అన్న మాట కూడా ఉంది. పత్రికేమో అప్పటికి మంచిర్యాల దాటి వెళ్లిన దాఖలా లేదు. పేరు మారితే పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య కూడా మారాలి. ఐఎస్ఎస్ఎన్ అంటారు, ఎనిమిది అంకెలుంటాయి. కొత్త సంఖ్యకు నేనే దరఖాస్తు పెట్టి తెప్పించాను.

ఆ వేసవిలో వెబ్‌సైట్ పని నా నెత్తిన పడింది. బయట ఎండ మండిపోతోంది, లైబ్రరీలో కూలర్ ముందు కూర్చుని పాత సంచికలన్నీ తెరిచాను. ఒకే పేజీలో సగం సంచికలు ఒక పేరుతో, సగం ఇంకో పేరుతో. నా కళ్లకు అది అతుకుల బొంతలా కనిపించింది. ఇంకేముంది, మొదటి సంచిక నుంచీ కొత్త పేరే పెట్టేశాను. ప్రతి వ్యాసం మొదటి పేజీ మీదున్న పాత పేరూ, పాత సంఖ్యా తీసేసి కొత్తవి అతికించాను. మూడు మధ్యాహ్నాల్లో అయిపోయింది. పత్రిక పుట్టినప్పటి నుంచీ అంతర్జాతీయమే అన్నట్టు తయారైంది.

"మంచిగ నీట్‌గ చేసినవమ్మా" అన్నారు ప్రిన్సిపల్ గారు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

నేను ఎవరి బిడ్డనో చెబితే ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది. మా నాన్న బొగ్గు గని ల్యాంప్ రూంలో పనిచేశాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు చూసి టోపీ దీపం ఇవ్వడం, రిజిస్టరులో రాసుకోవడం ఆయన పని. ఎవరికైనా నంబరు మారితే పాతదాని మీద స్కేలు పెట్టి ఒక్క సన్నటి గీత గీసి, పక్కన కొత్తది రాసేవాడు. చిన్నప్పుడు అన్నం డబ్బా తీసుకుని పోయి ఆ పేజీలు చూశాను. రబ్బరుతో తుడిచి రాస్తే సాఫ్‌గా ఉంటుంది కదా అన్నాను.

"గీత గీసినా కిందిది కనవడాలె బిడ్డా" అన్నాడు నాన్న. "రేపు ఎవడన్న వచ్చి, నేను గప్పుడు దిగిన, గప్పుడు నా నంబరు గిది అంటే, వాని ముంగట ఏం జూపెట్టాలె?"

విన్నాను, తలూపాను. ఊపిన తల ఎటు పోయిందో ఆ వేసవిలో.

మా కాలేజీలో అప్పుడు ఒక గెస్ట్ లెక్చరర్ ఉండేది. వాళ్లది కమాన్‌పూర్ దిక్కు ఊరు, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కింద పోయింది. ఊరు ఖాళీ అవుతున్నప్పుడు ముసలివాళ్ల దగ్గర కూర్చుని అక్కడి చెలకల పేర్లు, కుంటల పేర్లు, మడికట్ల పేర్లు రాసుకుంది. వాటి మీద రాసిన వ్యాసం మా పత్రికలో, పాత పేరు ఉన్న రోజుల్లో వచ్చింది. ఆమెకున్న ప్రచురణ అదొక్కటే. అది అచ్చయినప్పుడు లైబ్రరీలో నాకు మిఠాయి పెట్టింది.

కిందటేడు ఆమెకు ఒక యూనివర్సిటీ నుంచి పర్మనెంటు పోస్టుకు పిలుపు వచ్చింది. సర్టిఫికెట్లు చూసే రోజు పొద్దున పదకొండుకు ఫోన్ చేసింది.

"అక్కా, నేను తెచ్చిన పుస్తకం మీద పాత పేరున్నది. వీళ్లు నెట్‌ల చూస్తే నా వ్యాసం కొత్త పేరు మీద ఉన్నదట. పాత పేరు కొడితే అసలు గసొంటి పత్రికే వస్తలేదు. నంబరు గూడ కలుస్తలేదు. నేనే దొంగ అట్ట అచ్చేయించుకొని తెచ్చిన్నంటున్నరు."

"అట్లెట్లంటరు?" అన్నాను, ఎట్లంటారో నాకు తెలిసి కూడా.

"నాలుగు దాక టైమిచ్చిన్రు. ఆ పత్రికే ఇది, పాత సంచికల మీద కొత్త పేరు కాలేజే ఏసింది అని ఒక్క కాగితం రాసి పంపుండ్రి అక్కా. లేకపోతే ఈ వ్యాసం పక్కకు పెడ్తరట. ఇది పోతే నాకు పోస్టు రాదు."

ప్రిన్సిపల్ గారి గదికి పరుగెత్తాను. ఆయన కాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. "వచ్చే నెల తనిఖీకి వస్తున్నరు. పాతయి మార్చినమని మనమే రాసిస్తే మెడకు చుట్టుకుంటది. సైట్‌ల పని నడుస్తున్నదని రాయి, సరిపోతది."

ఆయన మీదికి నెట్టేసి బతకొచ్చు. కానీ టైపు చేసింది నేను. "వెబ్‌సైట్‌లో సాంకేతిక మార్పులు జరుగుతున్నందున వివరాలలో తేడాలు ఉండవచ్చు" అని రాశాను. సంతకం పెట్టాను, స్టాంపు గుద్దాను. నేనే మార్చాను అని రాయడానికి రెండే మాటలు కావాలి. ఆ రెండు మాటలకు నా ధైర్యం చాలలేదు. ఉద్యోగం పోతుందని కూడా కాదు, నీట్‌గా చేసిందన్న పేరు పోతుందని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కాగితం మూడింటికే చేరింది. ఉండవచ్చు అంటే ఏంటని వాళ్లు అడిగారట. వ్యాసం పక్కన పెట్టారు, పోస్టు వేరేవాళ్లకు పోయింది. వారం తర్వాత లైబ్రరీకి వచ్చి తన దగ్గరున్న పుస్తకాలు తిరిగిచ్చింది. నేను సంజాయిషీ మొదలుపెట్టబోతే "ఏం గాదు అక్కా" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

తనిఖీవాళ్లు వచ్చారు, టీ తాగారు, పోయారు. పత్రిక పేజీ ఎవరూ తెరవలేదు.

వాళ్లు పోయిన మర్నాడు మెట్ల కింద అట్టపెట్టెల్లోంచి పాత సంచికలు తీశాను. ఒక్కొక్క అట్ట స్కాన్ చేశాను. ఏ సంచిక ఏ పేరుతో వచ్చిందో ఆ పేరుతోనే, దాని సంఖ్యతో, దాని సంవత్సరంతో పెట్టాను. ఫలానా సంచిక దాకా ఈ పేరు, అక్కడి నుంచి ఆ పేరు అని రెండు చోట్లా రాశాను. ఏ పేరు వెతికినా రెండోది దొరికేటట్టు చేశాను. చెడగొట్టడానికి మూడు మధ్యాహ్నాలు, బాగుచేయడానికి నెల. అడుగున, మధ్యలో పాత పేరు తొలగించడం లైబ్రేరియన్ చేసిన పొరపాటు అని కూడా రాశాను.

"గిది గూడ రాయాల్నా?" అన్నారు ప్రిన్సిపల్ గారు.

"రాయాలె సార్" అన్నాను. ఆలస్యంగా వచ్చిన ధైర్యం.

ఆమె ఇప్పుడు మంచిర్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతోంది. మొన్న ఫోన్ చేశాను. తప్పు నాదేనని ఇన్నాళ్లకు నోరు తెరిచి చెప్పాను. "నాకెర్కే అక్కా, సైట్ పని మీరే చేస్తరు గదా" అంది.

"మళ్ల నోటిఫికేషన్ పడ్డదట. నీ బయోడేటా పంపు, ఆ వ్యాసం లింకు నేనే సరిజేసి పెడ్త" అన్నాను.

ఆమె లైన్లో ఉండగానే బయోడేటా ఫోన్లోకి వచ్చింది. తెరిచాను. పుట్టిన ఊరు ఉంది, చదువులు ఉన్నాయి, పనిచేసిన చోట్లున్నాయి. ప్రచురణలు అన్నచోట 'లేవు' అని ఉంది.

"అది తీసేసిన అక్కా" అంది. "ఉన్నదంటే అసలుదేనా అని అడుగుతరు. లేదంటే ఎవ్వరడుగరు."

ఆ 'లేవు' పక్కన ఏమైనా మిగిలిందేమోనని పెద్దది చేసి చూశాను. గీత కూడా లేదు.