గంజాయి మొక్కకు పుత్తూరు కట్టు

ఆ రోజుల్లో కువైట్ నుంచి తిరిగొచ్చినవాడు మా రాయచోటి బస్టాండులో దిగితే సెంటు వాసన ముందొచ్చేది, మనిషి వెనక వచ్చేవాడు. నేను మాత్రం ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించుకున్న ఏడు, ఒంటి మీద ఒకే ఒక్క చొక్కాతో, అదీ ఎవరో దయ తలచి ఇచ్చిన చొక్కాతో దిగాను. దిగిన దగ్గర్నుంచీ జనం అడగడం ఒకటే, "యుద్ధం చూసినావంట గదా, ఏం చేసినావు రా యుద్ధంలో?" అని. ట్యాంకుల గురించీ తుపాకుల గురించీ నాలుగు ముక్కలు కల్పించి చెప్పి, వాళ్ళు ఇప్పించిన టీలు తాగాను. నిజం చెబితే టీ మాట అటుంచి మంచినీళ్ళు కూడా పోసేవాళ్ళు కాదు. ఆ చిన్న దేశం ఏమైపోతుందోనని లోకమంతా రేడియోలకు చెవులు ఆనించి కూర్చున్నప్పుడు నేను చేసిందల్లా, నడుము విరిగిన ఒక గంజాయి మొక్కకు సేవ. ఈ వయసులో నన్నెవరూ పట్టుకుని కొట్టరన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

మేం ముగ్గురం కువైట్‌లో కబ్ద్ అనే చోట ఒక మజ్రాలో, అంటే ఎడారి మధ్య బోరు వేసి పెంచిన తోటలో, పనిచేసేవాళ్ళం. బెండకూ టమాటాకూ నీళ్ళు కట్టడం నా పని. మోటారూ పికప్ బండీ సాయిబన్నవి. ఆయనదీ రాయచోటే. అంతకుముందు అల్ రాయ్ షెడ్లలో మెకానిక్కుగా చేసినవాడు కాబట్టి అరబ్బీ తిట్లతో సహా వచ్చు. మూడో మనిషి పొగ మామ. నాకు వరసకేమీ కాడు, కానీ మా వైపు కాస్త వయసు మీదపడిన ప్రతివాడూ ఎవడో ఒకడికి మామే. (కువైట్‌లో మామా అంటే ఇంటి యజమానురాలు. గడ్డం మాసిన మనిషిని నేను పొద్దస్తమానం మామా, మామా అని పిలుస్తుంటే మొదట్లో మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, నా వైపు అదోలా చూసేవాడు.) పొగ అన్న పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. మోటారు షెడ్డు వెనక, బెండచెట్ల చాటున, ఆయనకొక మొక్క ఉండేది. అది ఎట్లా వచ్చింది మామా అంటే, "యాదో పిట్ట ఏసింటాది లేరా" అనేవాడు. మా ఊరి పిట్ట అంత సముద్రం దాటి వచ్చి, సరిగ్గా షెడ్డు వెనకే ఎందుకు వేసిందో నేను అడగలేదు. ఆ దేశంలో అది దొరికితే మనిషి జైల్లోంచి మళ్ళీ బయటికి రాడు. అందుకే దాన్ని మేం మొక్క అనేవాళ్ళం కాదు, "కోడలు" అనేవాళ్ళం.

ఇరాక్ వాళ్ళు వచ్చేసరికి మా కఫీల్ పెళ్ళాం పిల్లలతో ఎండాకాలం గడపడానికి దేశం దాటి వెళ్ళి ఉన్నాడు. ఇంక తిరిగి రాలేదు. మన వాళ్ళు చాలామంది బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే అక్కణ్ణించి మన విమానాలు తీసుకుపోతున్నాయని తెలిసింది. మా దగ్గర బండి ఉంది. అందులో పెట్రోలు లేదు. ఉన్న పెట్రోలంతా రోడ్డు మీద కాపలా పెట్టిన సిపాయిలు మొదటి వారమే పీల్చుకుపోయారు. నేనేమో పెళ్ళైన నెలకే విమానం ఎక్కినవాణ్ణి. ఉత్తరాలు ఆగిపోయాయి. భార్య మొహం గుర్తు తెచ్చుకోవాలంటే పెళ్ళి ఫోటో తీసి చూసుకునేవాణ్ణి, తీరా చూస్తే అందులో ఆమె తల దించుకుని ఉంది. ఇంటికి పోవాలి. దానికి పెట్రోలు కావాలి. నాకు వేరే ధ్యాస లేదు.

ఆ సిపాయిల్లో ఒక కుర్రాడు రోజూ నీళ్ళకని మా తోటలోకి వచ్చేవాడు. ఎప్పుడూ బుగ్గన ఖర్జూరం ఉండేది కాబట్టి వాడి పేరు ఖర్జూరం. తుపాకీని పార మోసినట్టు భుజాన వేసుకుని మళ్ళ వెంట నడిచేవాడు, బెండకాయ తుంచి పచ్చిదే నమిలేవాడు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ షెడ్డు వెనక్కి పోయి, కోడలి ముందు నిలబడిపోయాడు. అప్పుడే అది పూతకొచ్చి ఉంది. వాడు వంగి వాసన చూసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి సాయిబన్నతో ఏదో అన్నాడు.

"ఏమంటాడన్నా?" అన్నాను.

"పూత ముదరనియ్యమంటాడు. అంతా వానికే అంట. ఆరోజు పెట్రోలు డబ్బాలు మనకు తెచ్చిస్తాడంట. ఖలాస్."

"అంతా వానికేనా?" అన్నాడు పొగ మామ, కూతుర్ని అత్తవారింటికి పంపుతున్నవాడి గొంతుతో.

"మామా, నువ్వు ఇంటికి పోతావా, పొగ తాగుతావా?" అని అడిగితే ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. చివరికి ఇంటికే అన్నాడు.

ఇక చూడండి మా భక్తి. సగం రోజు గోనెపట్టా నీడ, పొద్దున నీళ్ళు, పురుగు పడిందేమోనని ఆకు ఆకూ తిప్పి చూడటం. సొంత అత్తకు కూడా నేను అంత సేవ చేసి ఉండను. అన్నీ సరిగ్గా జరుగుతుండగా మేక వచ్చింది. చుట్టుపక్కల తోటల వాళ్ళు పారిపోతూ వదిలేసిన గొర్రెలూ మేకలూ అప్పట్లో ఎడారంతా తిరుగుతుండేవి. ఆ మేక మా టమాటాలు వదిలేసి, బెండ వదిలేసి, నేరుగా కోడలి మీదికి దూకింది. మేం అరుస్తూ పరిగెత్తేసరికి కాండం నడిమికి విరిగి, పూత ఉన్న తలంతా ఒక్క తొక్క పట్టుకుని వేలాడుతోంది. మేక మాత్రం ఏ చింతా లేకుండా నెమరు వేస్తోంది. "నీ పాసుగూలా!" అని పొగ మామ చెప్పు విసిరాడు. అది సాయిబన్నకు తగిలింది.

"అయిపాయ. పెట్రోలు పాయ," అన్నాడు సాయిబన్న నేల మీద కూలబడి.

అప్పుడు నాలోని వైద్యుడు లేచాడు. చిన్నప్పుడు మా మేనమామకు కాలు విరిగితే పుత్తూరుకు కట్టు కట్టించడానికి తీసుకెళ్ళారు, నేను తోడు పోయాను. ఆ రోజంతా గేటు బయట ఐసుఫ్రూటు తింటూ గడిపాను కానీ, ఆ మాట వీళ్ళకెందుకు?

"మామా, విరిగిందానికి పుత్తూరు కట్టు కడితే అతుక్కోదా?"

"అది ఎముకలకు గదా రా అల్లుడా."

"కాండం మాత్రం ఎముక కాదా?"

పొగ మామ దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నీకొచ్చునా?"

"కళ్ళారా చూసినా," అన్నాను. (ఐసుఫ్రూటును.)

కోడిగుడ్డు తెల్లసొన కావాలన్నాను. ఉన్న రెండు పెట్టలు పెడితే పెట్టినట్టు, లేకపోతే లేదు. సాయిబన్న మొత్తుకున్నాడు, "మనుషులు ఎండు రొట్టె తింటాంటే చెట్టుకు గుడ్డా! అల్లా చూస్తాండాడు!" అని. అయినా గుడ్డు ఇచ్చాడు. వెదురు బద్దలకు బదులు ఖర్జూరపు మట్ట చీల్చాం. కట్టు గుడ్డకు మెత్తటి నూలు బట్ట ఎక్కడా దొరకలేదు. కఫీల్ గదిలో ఆయన తెల్లటి తలగుడ్డ ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. ఏం చేస్తాం, దాన్నే చించాం. మామ కాండాన్ని నిలబెట్టి, విరిగిన చోట తొక్కకు తొక్క ఆనించి పట్టుకున్నాడు. నేను తెల్లసొనలో తడిపిన గుడ్డ చుట్టి, బద్దలు పెట్టి, పైన బిగించాను. చివరికి పక్కన ఒక కర్ర పాతి దానికి కట్టాం. మామ నీళ్ళు నిండిన కళ్ళతో, "పత్యం ఏంది?" అని అడిగాడు. నేను తడుముకోకుండా, "మేక ఎరువు బంద్," అన్నాను.

మర్నాడు తల వాల్చేసింది. ఆ మర్నాడు ఇంకా వాల్చింది. నేను అన్నం మానేశాను. ఫోటో బయటికి తీయడం కూడా మానేశాను. తర్వాత ఒక పొద్దున పోయి చూస్తే కొసన ఆకులు పైకి లేచి ఉన్నాయి. కట్టు దగ్గర బుడిపె కట్టింది. నా మందో, మామ పట్టుకున్న తీరో, ఆ మొక్కకున్న మొండితనమో తెలియదు కానీ నన్ను ఆ రోజంతా "డాక్టర్ సాబ్" అని పిలిచారు. నేను కూడా కాదనలేదు.

అంతటితో ఊరుకున్నామా? లేదు. ఇంత ఏపుగా లేచిందంటే దిష్టి తగలదా? పొగ మామ బొమ్మ కట్టాల్సిందేనన్నాడు. మా వైపు పంటకు దిష్టిబొమ్మ ఎట్లుంటుందో అట్లాగే కట్టాం. సాయిబన్న షెడ్డులో వేసుకునే పాత ఆకుపచ్చ చొక్కాలో గడ్డి కూరాం. తలకు తెల్ల నూనె డబ్బా. దాని మీద ఇంజిన్ ఆయిలు మడ్డితో గుడ్లురిమే కళ్ళు, బయటికొచ్చిన నాలుక, దట్టంగా ఇంత మీసం. మీసం లేని దిష్టిబొమ్మను మా జిల్లాలో చిన్నపిల్లలు కూడా లెక్కచేయరు. ఎండకు రంగు పోకుండా తలకు నల్ల గుడ్డ టోపీ. అన్నిటికంటే ముఖ్యమైనది మెడలో పాత చెప్పు. మా పనితనానికి మేమే మురిసిపోయాం.

ఆ బొమ్మ ఎవరి పోలికలో ఉందో మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. ఆ పోలిక ఉన్న ఇరాక్ పెద్దాయన పటం అప్పటికే రోడ్డు మీద ప్రతి కాపలా దగ్గరా వేలాడుతోంది.

ఒక సాయంత్రం జీపు వచ్చి ఆగింది. బండ్లు వెతుక్కుంటూ వచ్చిన పెద్ద ఆఫీసరు దిగాడు, వెనక ఖర్జూరం. ఆఫీసరు తోటంతా తిరిగి షెడ్డు వెనక్కి వచ్చి, బొమ్మను చూసి ఆగిపోయాడు. ఆకుపచ్చ చొక్కా చూశాడు, నల్ల టోపీ చూశాడు, మీసం చూశాడు. తర్వాత చెప్పు చూశాడు. అరబ్బుల్లో చెప్పు చూపించడం కంటే అవమానం లేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. పటం కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఖర్జూరం మొహం పాలిపోయింది. పాపం, అయినా వాడు మెల్లగా పక్కకు జరిగి, కట్టు కట్టుకున్న కోడలికి అడ్డంగా నిలబడ్డాడు.

"మిను హాదా?" అన్నాడు ఆఫీసరు. ఎవడు వీడు అని. చెయ్యి నడుము దగ్గరున్న తుపాకీ మీద ఉంది.

"హాదా... కఫీల్!" అన్నాడు సాయిబన్న, వీడు మా యజమాని అని.

ఆఫీసరు బొమ్మ వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత ఆఫీసరు ఒక్కసారిగా నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. కువైట్ యజమానికి పనివాళ్ళు చెప్పుల దండ వేశారని ఆయనకు పట్టలేని ఆనందం. ఆ చెప్పు తీసి తనే బొమ్మను రెండు వాయించి, మమ్మల్నీ కొట్టమన్నాడు. నేను భయంతో కొట్టాను. సాయిబన్న కళ్ళు మూసుకుని కొట్టాడు. పొగ మామ మాత్రం, "సెలవు ఇయ్యవా? ఊరికి పంపవా?" అని ఒక్కో దెబ్బకు ఒక్కో మాట చొప్పున, చాలాకాలంగా లోపల దాచుకున్నదంతా తీర్చుకున్నాడు. ఆఫీసరుకు అది ఎంత నచ్చిందంటే, బొమ్మను పీకించి, చెప్పుతో సహా జీపు ముందు భాగానికి కట్టించుకుని, వాళ్ళ దండు ఉన్న వైపు ఠీవిగా వెళ్ళిపోయాడు. మొక్క వైపు గానీ, తను వెతుక్కుంటూ వచ్చిన బండి వైపు గానీ కన్నెత్తి చూడలేదు.

"చూసినావా అల్లుడా? దిష్టిబొమ్మ అంటే అదీ," అన్నాడు మామ.

ఆ జీపును దారిలో ఎవరెవరు చూశారో, వాళ్ళకు ఆ మీసంలో ఎవరు కనిపించారో మాకు తెలియదు. ఆ ఆఫీసరు మాత్రం మళ్ళీ మా వైపు రాలేదు.

పూత ముదిరింది. వంకర నడుముతోనే ముదిరింది. కోసి, నీడన ఆరబెట్టి, పొగ మామ చేతులారా కాగితంలో పొట్లం కట్టాడు. అంతకాలం ఒక్క దమ్ము లేకుండా ఉన్న మనిషి, అందులోంచి చిటికెడు కూడా తీసుకోలేదు. "కొంచెం ఉంచుకో మామా" అంటే, "మాటిచ్చినాం గదరా" అన్నాడు. ఖర్జూరం కూడా మాట తప్పలేదు. పట్టపగలే పెట్రోలు డబ్బాలు మోసుకొచ్చాడు. పొట్లం విప్పి, నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని చుట్ట చుట్టి, మొదటి దమ్ము మామకే ఇచ్చాడు. ఇద్దరూ ఎడారిని చూస్తూ కూర్చున్నారు. సాయిబన్న బండి స్టార్టు చేశాడు. నేను, "పెట్రోలు కాలిపోతాంది, రా మామా!" అని గొంతు చించుకున్నాను.

మామ లేచాడు. ఖర్జూరం కూడా లేచాడు. తుపాకీని జాగ్రత్తగా షెడ్డు గోడకు ఆనించి, నా వెనకే బండెక్కి మూటల మధ్య కూర్చుని, "యల్లా, హింద్!" అన్నాడు, పదండి ఇండియాకు అని. అందరం పగలబడి నవ్వాం. మేం నవ్వడం ఆపాం, వాడు దిగలేదు.

సాయిబన్న వచ్చి వాడితో మాట్లాడాడు. నవ్వు పోయిన మొహంతో మా వైపు తిరిగాడు. "బస్రా పక్కన ఈనికి ఖర్జూరం తోట ఉండాదంట. పెళ్ళాం కన్నదంట, పిల్లను చూడనే లేదంట. మన దారిలోనేనంట ఈ ఊరు. దింపేసి పొమ్మంటాండాడు."

దారి పొడుగునా కాపలాలే. వాడు దొరికితే వాణ్ణీ కాలుస్తారు, మమ్మల్నీ కాలుస్తారు. మామ బండెక్కి వాడి పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి, వాడికి రాని తెలుగులో చెప్పాడు, "దిగు నాయనా. నిన్ను తోలుకుపోయేంత మొగోళ్ళం కాదు మేము. దిగు నా తండ్రీ." వాడికి ఏం అర్థమైందో, దిగాడు.

బండి కదిలింది, పది గజాలు పోయి ఇసుకలో దిగబడింది. దాన్ని వెనక నుంచి తోసింది కూడా వాడే. ఇసుక ఎగిరి వాడి మొహం నిండా పడుతోంది. నేను పైనుంచి, "ఇంకా గట్టిగా తొయ్యమను అన్నా!" అని అరుస్తున్నాను. బండి పట్టు దొరికి ముందుకు దూకింది. వాడు ఇసుకలో బోర్లా పడి, లేచి, చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు, రోడ్డు వైపు చూస్తున్నాను. ఇంటికి పోవాలన్న తొందరలో, ఇంటికి పోలేనివాడి చేత బండి తోయించుకుని వచ్చేశాను. పైన నిలబడి అరిచిన ఆ కొత్త పెళ్ళికొడుకును ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు. నవ్వే వస్తుంది, కాకపోతే కొంచెం ఆలస్యంగా వస్తుంది.