మాట్లాడనివ్వని డాక్టరు

డాక్టర్ జకరయ్య గారికి ఎదుటి మనిషి నోరు తెరిస్తే ఒళ్లు మండుతుంది. నెల్లూరులో ఆయన స్కానింగ్ గదిలోకి వెళ్లినవాడెవడైనా మొదట వినేది ఒకటే మాట: "మాట్లాడబాకండి, మింగబాకండి." మెడలో రక్తనాళాలు చూసేటప్పుడు గొంతు కదిలితే తెరమీద బొమ్మ చెదిరిపోతుందట. సరే, గదిలో అంటే అర్థం ఉంది. ఈ పెద్దమనిషి పెళ్లి భోజనాల దగ్గరా అంతే. పక్కవాడు పలకరించబోతే చెయ్యెత్తి ఆపేస్తాడు. ఆయన భార్య జయశీల గారు చీటీలు రాసి కాపురం చేస్తోందని మా అల్లూరులో చెప్పుకున్నారు. ఆ చెప్పుకున్నవాళ్లలో మొదటివాణ్ణి నేనే.

నేను ధాన్యం దళారిని. నలభై ఏళ్లు నోటితో బతికినవాణ్ణి. కిందటేడు నా కుడిచెయ్యి పది నిమిషాలు చచ్చుబడి మళ్లీ లేచింది. అందుకని ఆయన బల్లమీద పడుకోబెట్టారు. మెడకి చల్లటి జిగురు పూసి యంత్రం ఆనించాడు. బుస్సు బుస్సుమని చప్పుడు. అది నా రక్తమేనా అని అడగబోయాను.

"మాట్లాడబాకండి."

"ఊపిరి పీల్చొచ్చా సార్?"

"అది తప్పదు గదా. పీల్చండి."

ఎడమపక్క నాళంలో సగందాకా కొవ్వు పేరుకుందని, మాత్రలు వేసుకోమని, చుట్ట మానమని చెప్పి లేచిపోయాడు. ఒక మంచి మాట లేదు, భుజం తట్టింది లేదు. నాకు పౌరుషం వచ్చింది. ఆ పౌరుషంలో చుట్ట ఉంచుకొని మాత్రలు మానేశాను. నా అంత తెలివైనవాడు జిల్లాలో ఇంకొకడుంటే చూపించండి.

ఈ ఏడు కోతలప్పుడు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ నాలుగు రోజుల్లో కొంత తిరిగాయి. మాట తిరగలేదు. లోపల మాటలన్నీ ఉన్నాయి, నోటిదాకా ఒక్కటీ రాదు. ఇక మా ఇంట్లోవాళ్లని చూడాలి! నేను "ఊ" అంటే మా ఆవిడ ప్రమీలమ్మ మజ్జిగ పోసేది. "ఆ" అంటే బావమరిది నరేంద్రబాబు నన్ను బాత్రూముకి మోసుకుపోయేవాడు. చచ్చినవాడి తరఫున కూడా ఎవరూ అంత ధైర్యంగా మాట్లాడరు.

రెండో వారం మళ్లీ జకరయ్య గారి బల్ల ఎక్కించారు. ఈసారి నాళం ముప్పాతిక మూసుకుపోయిందన్నాడు. మెడ కోసి ఆ కొవ్వు తీయించకపోతే ఇంకో దెబ్బ తగలొచ్చు, తీయించడంలోనూ ప్రమాదం లేకపోలేదు. రెండూ దాచకుండా చెప్పాడు.

మా ఆవిడ ఏడుపందుకుంది. "నాన్నకి ఇష్టం లేదు సార్," అన్నాడు మా అబ్బాయి సుకుమార్. వాడు నన్నెప్పుడు అడిగాడు? మెడ కోయడానికి మా బావ చచ్చినా ఒప్పుకోడని బావమరిది వంతపాడాడు. నాకేమో కడుపు మండిపోతోంది. ఇంకో దెబ్బ తగిలి పూర్తిగా మూగవాడినై బతికేకంటే కత్తి కింద పడుకోవడమే నయం. అది చెప్పబోయి "ఊ ఊ" అంటుంటే ప్రమీలమ్మ నీళ్ల సీసా నోట్లో పెట్టింది.

"మింగబాకండి," అన్నాడు డాక్టరు నాతో. మావాళ్ల వైపు తిరిగి, "మీరెవురూ మాట్లాడబాకండి," అన్నాడు.

యంత్రం ఆపి, స్టూలు లాక్కొని నా ఎదురుగా కూర్చున్నాడు. "పద్మనాభయ్య గారూ, మిమ్మల్నే అడుగుతున్నా. ఆపరేషన్ చేయించుకుంటారా? నిదానంగా చెప్పండి."

బయట జనం విసుక్కుంటున్నారు. నర్సు రెండుసార్లు తొంగిచూస్తే చెయ్యెత్తి పంపేశాడు. సుకుమార్ నోరు తెరవబోతే ఒక్క చూపు చూశాడు. నా మూతి వంకర్లు పోయింది, చొంగ కారింది. ఆయనే తుడిచాడు. అలా పావుగంట. నా మాటకోసం ఎవరైనా అంతసేపు కాచుకోవడం అదే మొదలు.

"కొయ్య... మను," అన్నాను.

"విన్నారు గదా," అని మావాళ్లతో అని, కాగితం రాయడం మొదలుపెట్టాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు మాట వస్తోంది, కానీ ధాన్యం బేరాలకి పనికొచ్చే మాట కాదు. ఆ కసి తీరక మొన్న జకరయ్య గారి దగ్గరికి తిట్టడానికే వెళ్లాను. ఆ మొదటిరోజే ఒక్క మంచిమాట చెప్పి ఉంటే నేను మాత్రలు మింగేవాణ్ణి కదా అని నా తిట్టు. అది పూర్తయ్యేసరికి ఆయన టీ మీద మీగడ కట్టింది. మధ్యలో ఒక్క మాట అందివ్వలేదు, గడియారం చూడలేదు. చివరిదాకా విన్నాడు.

"నిజమే, చెప్పుండాల్సింది," అని ఆ చల్లారిన టీ తాగేశాడు.