నేను కట్టేసిన వేడినీళ్ళు

నా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఈ మాట ఇంట్లో ఎవరి దగ్గరా అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. నా మరిదిని చేసుకుని ఉదయగిరికి వచ్చిన రోజుల్లో దానికి ఉలి ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. నేనే పక్కన కూచోబెట్టుకుని, కొండ మీంచి తెచ్చిన కర్రను ఎంత ఆరనివ్వాలో, గరిటె కాడను ఎక్కడ సన్నం చెయ్యాలో, ఆకురాయితో ఎటువైపు రుద్దాలో అన్నీ నేర్పించాను. రెండేళ్ళు తిరక్కుండానే అది చెక్కిన గరిటె నాదానికన్నా బాగుండటం మొదలైంది. ఆ సంగతి ఊరికి తెలియకముందే నాకు తెలిసింది.

మా గరిటెలూ చెంచాలూ కొనుక్కుపోయే మద్రాసు వాళ్ళు ఒకసారి ఇంటికొచ్చారు. జపాన్‌లో కొండల మధ్య వేడినీళ్ళ ఊరొకటి ఉందట. అక్కడా కర్రపని చేసేవాళ్ళున్నారట. వారం రోజులు వాళ్ళ మధ్య కూచుని మన పని చూపించడానికి ఒక మనిషి కావాలట. చాప మీద మా ఇద్దరి గరిటెలూ కలిపి పరిచాం. వాళ్ళలో ఒకామె ఒక్కొక్కటే తీసి చూసి, కాడ చుట్టూ తీగ చెక్కిన గరిటెను పైకెత్తింది. అది నా తోడికోడలిది. దానికి ఆ తీగ నేర్పింది నేను.

"చిన్నదాన్ని ఒక్కదాన్నే పంపేది లేదు. పెద్దది తోడు పోతేనే పోయేది" అని మా అత్త తెగేసి చెప్పింది. వాళ్ళు దానికీ ఒప్పుకున్నారు. అలా నేను జపాన్ వెళ్ళాను, దాని సంచుల్లో ఇంకో సంచిలాగా.

ఆ ఊళ్ళో బస్సు దిగగానే రోడ్డు పక్క కాలవలోంచి పొగ లేస్తోంది. ఏదో కాలుతోందనుకుని వెనక్కి జరిగాను. వాళ్ళ మాట మాకూ మా మాట వాళ్ళకూ చెప్పడానికి తోడొచ్చిన మద్రాసు అమ్మాయి నవ్వి, అది ఆవిరి అంది. కాలవలో మరుగుతున్న నీళ్ళు. పొయ్యి లేదు, కట్టెల్లేవు, భూమిలోంచి అట్లాగే వస్తాయట. చెక్క మేడలు, మధ్యలో ఏరు, ఆ ఏటి మీద చిన్న చిన్న వంతెనలు. ఒంటికి నూలు అంగీ చుట్టుకుని, కాళ్ళకు చెక్క చెప్పులేసుకుని ఆడా మగా టక్కుటక్కుమంటూ ఒక స్నానం నుంచి ఇంకో స్నానానికి పోతున్నారు. ఒకామె వీధిలోనే నీళ్ళ గుంటలో గుడ్ల బుట్ట ముంచి, పక్కన కూచుని కబుర్లు చెప్పుకుంటోంది.

నేను పుట్టింది మర్రిపాడు పక్కన. మేకలు, గొర్రెలు, వాన పడితేనే పండే మెట్టచేను. మా నాయన మూడుచోట్ల బోరు వేయించాడు. మూడోసారి మిషను దుమ్ము లేపుతుంటే పక్కనే గొంతుకూచుని, పైకొచ్చిన మట్టిని పిడికిట్లోకి తీసుకుని తడి తగులుతుందేమోనని నలుపుకుంటూ కూచున్నాడు. ఆ రోజు ఆయన మొహం నాకిప్పటికీ గుర్తే. ఎండాకాలం ట్యాంకరు నీళ్ళొస్తే ముందు మేకలకు, మిగిలితే మాకు. అట్లాంటి దాన్ని తీసుకుపోయి ఆ కాలవ పక్కన నిలబెడితే కడుపు మండదా? ఏ జన్మలో ఏం పుణ్యం చేసుకున్నారో అని ఆ గుడ్లామెను చూసి నిజంగానే పళ్ళు కొరికాను.

మేం దిగిన సత్రం ఒక ముసలామెది. ఇంటి వెనక కొండవాలు, ఆ వాలు మీద నుంచి చెక్క దోనెలో వేడినీళ్ళు దిగొచ్చి, గోడలోంచి దూరి, స్నానాల గదిలో కర్రతొట్టిలో పడతాయి. తొట్టి నిండినా ఆగవు. అంచు మీంచి పొర్లి, రాళ్ళ మీదుగా పారి, బయటికి పోతూనే ఉంటాయి. మనుషులున్నా లేకపోయినా అంతే.

అక్కడ బట్టలన్నీ విప్పేసి, ముందు చిన్న పీట మీద కూచుని ఒళ్ళు రుద్దుకుని, అప్పుడు తొట్టిలో దిగాలి. మద్రాసు అమ్మాయి ఈ మాట చెప్పగానే నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నా తోడికోడలు మాత్రం ఇంట్లో తిరిగినట్టే పోయి, విప్పి, కడుక్కుని, మెడదాకా దిగి కళ్ళు మూసుకుంది. "అక్కా, రా. ఎవురూ చూడరు. నడుం నొప్పి యాడుందో కూడా తెలీలా" అంది. నేను లంగా గుండెల మీదికి కట్టుకుని పీట మీదే కూచుని చెంబు చెంబు పోసుకున్నాను. రోజంతా కూచుని చెక్కినామెకు నడుం నొప్పి. రోజంతా పక్కన కూచుని దానికి కర్రలందించిన నాకు లేదా? ఆ రాత్రి అన్నం సయించలేదు.

రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. దాని చేతిలో కొత్త గరిటె బయటపడేసరికి చుట్టూ జనం. అక్కడి కర్రపనివాళ్ళు దాని వేళ్ళ మధ్య ఆకురాయి ఎట్లా తిరుగుతోందో వంగి వంగి చూస్తున్నారు. ఆ తిప్పటం నాది. నేనెవరో అడిగినవాళ్ళు లేరు.

నాలుగోరోజు తలనొప్పని చెప్పి సత్రంలోనే ఉండిపోయాను. ఊరికే కూచోలేక ఇంటి వెనక్కి వెళ్ళాను. లోపల తొట్టిలో నరపురుగు కూడా లేదు, నీళ్ళు మాత్రం పడుతూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఎంతసేపు చూడగలను? దోనెకు ఒకచోట గాడి ఉంది, పక్కనే దానికి సరిపోయే చెక్క ఆనించి ఉంది. వాన పడ్డప్పుడు నీళ్ళు పోకుండా మా నాయన చేలో మడవ కట్టినట్టే ఆ చెక్కను గాడిలోకి దించాను. సందుల్లోంచి కారుతుంటే ఇంటి నుంచి తెచ్చుకున్న గళ్ళ తువ్వాలు పుల్లతో కుక్కాను. నీళ్ళు ఆగాయి. కావలసినప్పుడు తీసుకుంటారు, అందాకా కొండలోనే నిలబడి ఉంటాయి కదా అనుకున్నాను. వచ్చిన ఇన్ని రోజులకు నేనూ ఒక పని చేశానన్న తృప్తి అప్పుడే కలిగింది. పోయి హాయిగా పడుకున్నాను.

అరుపులకు మెలకువొచ్చింది. అప్పటికి సాయంత్రం నాలుగవుతుందేమో. ముసలామె స్నానాల గదిలోంచి ఉత్తకాళ్ళతో పరిగెత్తుకొచ్చి, నన్ను దాటుకుని, కొండవాలు ఎక్కుతోంది. పక్క సత్రాల వాళ్ళూ వెనకే ఎక్కుతున్నారు. ఆమె మొహం చూశాను. అచ్చంగా మూడో బోరు పక్కన మా నాయన మొహం. ఊట ఎండిపోయిందనుకుంది ఆ తల్లి.

దిగొచ్చేటప్పుడు వాళ్ళకు దోనె పక్క తోటంతా తడిసి కనపడింది. తువ్వాలు దొరికింది. గళ్ళ తువ్వాలు ఆ దేశంలో ఇంకెవరి దగ్గరా ఉండదు. అప్పుడే పని ముగించుకుని వచ్చిన నా తోడికోడలూ, మద్రాసు అమ్మాయీ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ముసలామె ఆ తువ్వాలు పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను నోరు విప్పలేదు. భయం ఒకటే కాదు. దాన్నే అనుకోనీ, దాన్నే వెనక్కి పంపనీ అని కూడా లోపల అనుకున్నాను. అనుకున్నాను కాబట్టే రాస్తున్నాను.

అది నా వైపు ఒక్కసారి చూసింది. చూడగానే దానికి అర్థమైపోయింది. "నేనే కట్టేసినాను. పొద్దున పొయ్యేముందు" అంది. "మా అక్క పుట్టిన ఊళ్ళో నీళ్ళు లేవు. ఇన్ని నీళ్ళు ఊరికే పోతుంటే చూళ్ళేక కట్టేసినాను. తప్పైపోయినాది, అవ్వా" అని తల వంచింది.

మద్రాసు అమ్మాయి అదంతా వాళ్ళ భాషలో చెప్పింది. ముసలామె తువ్వాలు పిండి పక్కన పెట్టింది. తరవాత దాని రెండు చేతులూ పట్టుకుంది. తన చిన్నతనంలో భూమి కదిలి ఊట ఆగిపోయిందట. మళ్ళీ వచ్చేదాకా రోజూ పైకెళ్ళి రాయి మీద చెయ్యి పెట్టి వేడి తగులుతుందేమోనని చూసుకునేదట. ఇన్నేళ్ళలో ఎంతోమంది వచ్చి స్నానాలు చేసి పోయారు గానీ, ఈ నీళ్ళు పోతున్నాయని బాధపడ్డ మనిషిని ఇదే చూడటం అంది.

మర్నాడు పొద్దున్నే దాన్ని ఊట పుట్టేచోటికి తీసుకెళ్ళింది. బయటివాళ్ళను అక్కడికి పోనివ్వరట. నన్ను కింద తాడు కట్టినచోటే నిలబెట్టారు. అది దిగొచ్చేటప్పుడు చేతిలో నీళ్ళు ముంచుకునే పొడుగుకాడ కర్రముంత ఉంది. ఊట దగ్గర ఉండే ముంతను ముసలామె దానికిచ్చేసింది. నేను చేసిన తప్పు, నేను పడ్డ బాధ, చివరికి ఆ మర్యాద కూడా దానికే పోయింది. ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

గదిలోకి రాగానే ముంతను నా ఒళ్ళో పెట్టింది. "ఇది నీది అక్కా. పెట్టుకో" అంది.

"నాకెందుకు? కట్టేసింది నువ్వు కదా" అన్నాను.

అది నా మొహంలోకి చూసి, ముంత తీసుకుని, తన పెట్టెలో చీర మధ్య చుట్టి పెట్టుకుంది.

ఉదయగిరిలో ఆ ముంత దాని పొయ్యి పక్కన మేకుకు వేలాడుతోంది. వచ్చినవాళ్ళందరికీ మా అత్తే కథ చెబుతుంది, మా చిన్నకోడలు జపాన్‌లో నీళ్ళు కట్టేసి మెప్పు తెచ్చుకుంది అని. ఎవరూ లేనప్పుడు నేను ఆ ముంత దించి కుండలో నీళ్ళు ముంచుకుని తాగుతాను. చూసి మూడు చెక్కాను. ఒక్కటీ దానిలా రాలేదు.

ఈ ఏడు మద్రాసు అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. మేమందరం వసారాలో పనిలో ఉన్నాం. ఫోన్ స్పీకర్లో ఉంది. మళ్ళీ ఒక మనిషిని పంపాలట. ఎవరినన్నదీ ఈసారి ఆ సత్రం ముసలామే చెప్పిందట. "నీళ్ళు కట్టేసినామెను పంపమంటోంది. ఆమె వస్తేనేనంట."

"అంటే చిన్నదాన్నేగా! ఒకసారి పోయొచ్చిందే, ఇంక తోడెందుకు?" అంది మా అత్త మురిసిపోతూ.

నా తోడికోడలు ఆకురాయి కింద పెట్టింది. "అక్కా" అంది. నేను తల ఎత్తలేదు. "అక్కా, చెప్పు" అంది మళ్ళీ. పిలిచింది నన్ను. నేనే అనాలి. అంటే ఆ రోజు అది నాకోసం తల వంచుతుంటే పక్కనే రాయిలా నిలబడ్డానని కూడా అనాలి. అత్త ముందు, మొగుడి ముందు, దాని పిల్లల ముందు. చేతిలో గరిటెను రుద్దిన చోటే రుద్దుతూ ఉన్నాను. ఫోన్లో అమ్మాయి హలో హలో అంటోంది.

చాలాసేపు చూసి, "సరే, నేనే వస్తాను" అంది నా తోడికోడలు.

అది పోయి ఐదు రోజులైంది. ఇవాళ పొద్దున కాఫీ పెట్టుకుంటుంటే ఫోన్ చేసింది. "అక్కా, ఇంకా ఎవురూ రాలా. ఒక్కదాన్నే ఉండాను. విను" అని ఫోన్ తొట్టి వైపు పట్టుకున్నట్టుంది. నీళ్ళు పడుతున్నాయి. పడి, పొర్లి, రాళ్ళ మీద పారిపోతున్నాయి. వింటూ నిలబడ్డాను. కాఫీ పొంగిపోయింది.

"ఎన్ని నీళ్ళు పోతుండాయే ఆ పాడు తొట్టిలో! కట్టెయ్యవే దాన్ని" అన్నాను.

అది నవ్వలేదు. "నాకు రాదు. నువ్వొచ్చి కట్టెయ్ అక్కా" అంది.