ఐదు నిమిషాల ఇటుక

మలంచా రోడ్డు మీద మా టోటో స్టాండుకు ఒకే ఒక చట్టం ఉంది. లైనులో ఉన్న టోటోను, అదే బ్యాటరీ ఆటోను, ఎవరైనా కాస్త పక్కకు తీయాల్సి వస్తే, గాలి కొట్టించుకోవడానికో పాన్ కోసమో, ఆ చోట ఒక ఇటుక పెట్టి వెళ్ళాలి. ఇటుక ఐదు నిమిషాలు చెల్లుతుంది. ఆరో నిమిషంలో అది ఉత్త ఇటుక. తిరిగొచ్చిన బండి లైను తోకకు పోవాలి. మగవాళ్ళకు ఇదేం కష్టం కాదు. అసలైన అవసరానికి వాళ్ళకు ఇటుక కూడా అక్కర్లేదు, స్టాండు వెనక అంత పొడుగు గోడ ఉంది.

నాకు గోడ పనికిరాదు. ఆ లైనులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నెలలో నాలుగు రోజులు ప్యాడు మార్చుకోవాలంటే ఝపటాపూర్‌లో ఇంటికి బండి తోలుకుపోవాలి. పోనూ, రానూ, మధ్యలో మా అమ్మ ప్రశ్నలకు జవాబు చెప్పనూ నలభై నిమిషాలు. ఇటుకకు అంత ఆయుష్షు లేదు.

స్టాండు పెద్దను అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన మూడు నెలలు చూశాడు. నాలుగో నెల అందరి ముందూ అడిగేశాడు.

“ఏటమ్మీ, నెలనెలా ఎక్కడికి మాయమైపోతన్నావు? నీ సోటు కోసం ముగ్గురు కాసుకుని కూకున్నారు. వచ్చే నెల కూడా ఇలాగే అయితే నీ నంబరు తీసేస్తాను. ఆనక నన్నేటనకు.”

“మాయమవడం కాదు బాబాయ్, లీకు.”

బాబాయ్ వంగి నా బ్యాటరీ కేసి చూశాడు.

వెనక బండివాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నవ్వితే నంబరు నిలబడదు. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టిన దాన్ని. ఆ నంబరు పోతే నాకింకో నంబరు లేదు.

పైగా ప్యాడ్లతో నాకు వేరే తగాదా ఉండేది. మా బండి సీటు నల్ల రెక్సిను. ఎండాకాలం అది పెనం, నేను అట్టు. ఆ నాలుగు రోజులూ ఒరుసుకుపోయి, నా తొడలు రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకునేవి కావు. మా అమ్మ మందు ఒకటే: పాత చీర గుడ్డ.

“మీ నాన్న వర్కుషాపుకి ఎల్లినన్నాళ్ళూ నేను గుడ్డతోనే గడిపినాను. నాకేటైంది?”

“నువ్వు టోటో తోలలేదు కదే అమ్మా.”

“తోలమని నేనేటైనా సెప్పినానా?”

ఈ గోడు రోజూ పొద్దున్నే నా బండెక్కే నర్సు అక్కతో చెప్పుకున్నాను. అద్దంలో నన్నే చూస్తూ, రోగం అడిగినట్టు అడిగింది. ఎన్ని గంటలు కూర్చుంటావు? నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? నెత్తురు ఎంత పోతుంది?

“గుడ్డయినా తప్పు లేదు, బాగా ఉతికి ఎండలో ఆరేస్తే,” అంది. మా ఇంట్లో గుడ్డలు చీర కింద దాక్కుని ఆరుతాయి. వాటికి సూర్యుడితో పరిచయమే లేదు. “ప్యాడు అక్కర్లేకుండా, ఉతుక్కుని వాడే ప్యాంటీలున్నాయి, లోపల పెట్టుకునే కప్పు ఉంది. కప్పయితే ఎనిమిది గంటలు నిన్ను పలకరించదు. కానీ అందరికీ పడాలని లేదు. నీ ఒళ్ళేటంటాదో అది విను. పక్కింటి దాని ఒళ్ళు నీకెందుకు?”

కప్పు తెప్పించుకున్నాను. గులాబీ రంగు, బుజ్జి గంటలా ఉంది. మరగబెట్టి, కిటికీలో ఆరబెట్టి, బండి తోలడానికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి దేవుడి దగ్గర నూనె సీసా గులాబీ టోపీ పెట్టుకుని నిలబడి ఉంది.

“సూడే, మూత పోయిందని ఎన్నాళ్ళ బట్టి ఏడుస్తన్నానో! కొలిసి సేసినట్టు సరిపోనాది,” అంది అమ్మ మురిసిపోతూ.

అదేమిటో చెప్పాను. అమ్మ సీసా కేసి చూసింది, దేవుడి కేసి చూసింది, నా కేసి చూసింది.

“వాడినావేటే?”

“ఇంకా లేదు.”

“దేవుడు ఏటనుకుంటాడో!”

“ఒంటిని ఇలా సేసింది ఆయనే కదా. ఆయనకి తెలీదేటి?”

అమ్మ లోపలికి పోయి అడుగు మాడిన పాల గిన్నె ఒకటి తెచ్చి నా ముందు ఠంగున పెట్టింది. “మరగబెట్టుకుంటే దీంట్లో మరగబెట్టుకో. టీ గిన్నె ముట్టినావంటే సేతులిరిసేస్తాను.” మా ఇంట్లో అనుమతి ఇలాగే దొరుకుతుంది.

మొదటి రోజు కప్పుకూ నాకూ కుస్తీ. మడతపెడితే చేతిలోంచి చేపపిల్లలా ఎగిరి బకెట్లో పడింది. రెండోసారి సరిగ్గా విచ్చుకోక కారింది. నర్సు అక్క అంది, “బిగుసుకుపోతే అదెక్కడికి పోతాది? తీసేటప్పుడు లాగీకు, ముందు అడుగు నొక్కు. కాస్త నవ్వుకో, ఒళ్ళు వదులవుతాది.” నవ్వినందుకు బడిలో బెంచీ ఎక్కిన దాన్ని. నవ్వమని మందు రాసిచ్చింది ఈమె ఒక్కతే. రెండు నెలలు ఇంట్లో అమ్మ కుట్టిన గుడ్డ అడ్డం పెట్టుకుని మరీ నేర్చుకున్నాను. ఆ రెండు నెలలూ ఆ నాలుగు రోజులకు ఊరెళ్తున్నానని బాబాయ్‌తో అబద్ధమాడి గడువు పెంచుకున్నాను.

మూడో నెల, ఆ నాలుగు రోజుల్లో రెండో రోజు పొద్దున్న ఏడింటికి లైనులో బండి పెట్టాను. మధ్యాహ్నం రెండైనా ఇంటి ముఖం చూడలేదు. బాబాయ్ నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ఈ నెల మాయమవలేదేటి?”

“రిజర్వు ట్యాంకు ఏయించినాను బాబాయ్.”

ఈసారి ఆయన బ్యాటరీ కేసి వంగలేదు. ఇంట్లో భార్య ఉంది, కూతురు ఉంది, ఎన్నాళ్ళని తెలీకుండా ఉంటుంది? చెవులు ఎర్రబడ్డాయి. టీ తాగి మళ్ళీ వచ్చాడు. రోడ్డు కేసి చూస్తూ అన్నాడు.

“మా పాప ఇండస్ట్రియల్ పార్కులో ప్యాకింగుకి ఎల్తంది. రోజంతా నిలబడే పని. ఒరుసుకుపోయి రెండ్రోజులై సెలవెట్టి పడుకుంది. నాకు సెప్పదు కదా, ఆళ్ళమ్మకి సెప్తంటే ఇన్నాను. ఆ... నీ ట్యాంకు... పాపకి పనికొస్తాదేటి?”

“పాప ఒళ్ళు సెప్పాలి బాబాయ్, నేను కాదు. మాట్లాడతాను.”

“ఇప్పుడే ఎల్లు. ఇంట్లోనే ఉంది.”

“లైనులో నాది రెండో నంబరు. ఎల్లి రావడానికి గంట పడతాది.”

బాబాయ్ గోడ దగ్గరికి పోయి ఇటుకల్లో ఒకదాన్ని ఏరి తెచ్చి, నా బండి కదలగానే ఆ చోట పెట్టాడు.

ఆ పిల్ల కప్పును చూసి పకపకా నవ్వింది. తనకు వద్దంది. ఉతుక్కునే ప్యాంటీ సంగతి మాత్రం రెండుసార్లు అడిగింది. ముందు ఒరుపు తగ్గనీ అని, వచ్చి నర్సు అక్కను అడగమని, ఆమె నా బండెక్కే వేళ చెప్పి వచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి గంటం పావు దాటింది. ఇటుక జరిగి మొదటి నంబరుకు చేరి ఉంది. వెనక బండివాడు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. బాబాయ్ ఇటుక మీద కాలు పెట్టుకుని, ఏమీ వినిపించనట్టు పాన్ నములుతున్నాడు.